మోషన్ నల్లగా పోతే ఐరన్ మాత్ర మీదికి నెట్టేయకండి

మా బర్న్స్ వార్డులో కొత్త సిస్టర్ ఎవరు చేరినా మొదటి రోజే బెడ్‌పాన్ దగ్గరికి తీసుకెళ్తాను. మొహం చిట్లిస్తారు. డ్రెస్సింగ్ నేర్పుతానని, గ్రాఫ్టింగ్ (గాయం మీద చర్మం అతికించడం) చూపిస్తానని అనుకుని వస్తారు కదా పాపం. అవన్నీ తర్వాత. ముందు దీని రంగు చూడు, వాసన చూడు, అంటుకుంటోందా లేదా చూడు అంటాను. ఇరవై ఏళ్లు దాటింది నేను ఈ వార్డులో. నాకీ పట్టుదల ఎందుకొచ్చిందో చెప్పాలంటే ఒక పేషెంట్ గురించి చెప్పాలి.

టిఫిన్ సెంటర్ నడిపే మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. తెల్లవారుజామున గ్యాస్ లీకైంది, లైట్ స్విచ్ వేశాడు, అంటుకుంది. ఛాతీ, రెండు చేతులు, పొట్ట, తొడలు కలిపి 45 శాతం కాలింది. మొదటి వారం గండం గడిచింది. ఒక గ్రాఫ్టింగ్ అయింది. ఇంట్లోవాళ్ల ముఖాల్లోకి కాస్త నెత్తురొచ్చింది. 19వ రోజు పొద్దున అతని భార్య నా దగ్గరికొచ్చి, "సిస్టర్, ఈయనకి మోషన్ నల్లగా పోయిందండీ" అంది. నేను కేస్ షీట్ తిప్పాను. ఐరన్ మాత్రలు రాసి ఉన్నాయి. "మాత్రల వల్లేనమ్మా, టెన్షన్ పడకు" అన్నాను. ఆమె నమ్మింది. మూడు రోజులు అలాగే పోయింది. 22వ రోజు హిమోగ్లోబిన్ 6.4 వచ్చింది. అంతకుముందు రిపోర్టులో 9.8.

అది ఐరన్ కాదు, పేగుల్లో రక్తస్రావం. దానికి కారణం వైరస్ అని తేలడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది.

ఇది రాస్తున్నది ఇద్దరి కోసం. ఒకరు బర్న్స్ వార్డులో కొత్తగా పని చేస్తున్న సిస్టర్లు. రెండోవారు మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో రాత్రంతా కూర్చునే ఇంటివాళ్లు. మందు రాయడం, మోతాదు నిర్ణయించడం డాక్టర్ల పని. కానీ చూడటం, రాసి పెట్టడం, సరైన టైముకి సరైన మాట చెప్పడం మన చేతిలో ఉంది.

ముందు తేదీ పక్కన రోజు నంబర్ రాయండి

ఇది చాలా చిన్న పని, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. కాలిన రోజు నుంచి లెక్కపెట్టి కేస్ షీట్‌లో ప్రతి పేజీ పైన ఇవాళ ఎన్నో రోజో రాయండి. ఇంటివాళ్లయితే ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి.

ఎందుకంటే పెద్దగా కాలినవాళ్లలో పొట్టలోపల రక్తం పోవడానికి కారణం రోజును బట్టి మారుతుంది. మొదటి వారం, పది రోజుల్లో వస్తే ఎక్కువగా ఒత్తిడి పుండ్లు. 1842లో లండన్ సర్జన్ థామస్ కర్లింగ్ కాలిన పేషెంట్లలో చిన్నపేగు మొదట్లో పడే పుండ్ల గురించి రాశాడు, ఇప్పటికీ వాటిని కర్లింగ్ అల్సర్ అనే అంటాం. ఒళ్లు కాలినప్పుడు రక్తంలోని నీరంతా గాయాల్లోకి ఊరిపోతుంది. పొట్టకీ పేగులకీ రక్తం తగ్గుతుంది. రక్షణ పొర చచ్చిపోయి, దాని మీద యాసిడ్ పడి పుండవుతుంది. ఇప్పుడు మొదటి రోజే సెలైన్ లెక్కకట్టి ఎక్కించడం, 24 గంటల్లోపే ముక్కు గొట్టంతో ఆహారం మొదలుపెట్టడం, పాంటాప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే మందులివ్వడం వల్ల ఇవి బాగా తగ్గాయి.

అదే రక్తం రెండో వారం దాటాక, ముఖ్యంగా మూడు, నాలుగు వారాల్లో మొదలైతే, యాసిడ్ మందు పడుతున్నా ఆగకపోతే, అక్కడ వైరస్ గురించి కూడా ఆలోచించాలి. మా పేషెంట్‌కి 19వ రోజు. కేస్ షీట్‌లో తేదీ మాత్రమే ఉంది. రోజు నంబర్ ఉండుంటే నాకు వెలిగేదో లేదో చెప్పలేను. తేదీ చూసి మాత్రం ఏమీ వెలగలేదు.

ఇంతకీ ఈ వైరస్ ఎక్కడిది

చాలామంది ఇంటివాళ్లు "ఆసుపత్రిలో అంటిందా సిస్టర్?" అని గొడవకి దిగుతారు. సాధారణంగా అది బయటి నుంచి వచ్చేది కాదు, పేషెంట్ ఒంట్లోనే ఏళ్ల తరబడి పడుకుని ఉన్నది. దీని పేరు సైటోమెగాలో వైరస్. వార్డులో సీఎంవీ అంటాం. మన దేశంలో పెద్దవాళ్లలో చాలా ఎక్కువమందికి చిన్నప్పుడే ఇది వచ్చి పోయి ఉంటుంది. పోయి అంటే నిజంగా పోదు, ఒంట్లో దాక్కుంటుంది. నేను ఇంటివాళ్లకి సర్పి ఉదాహరణ చెప్తాను. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన మనిషికి అరవై ఏళ్లకి ఒళ్లు నీరసించినప్పుడు నడుం చుట్టూ సర్పి లేస్తుంది కదా. అది కొత్తగా అంటిన జబ్బు కాదు, పాత ఆటలమ్మే. సీఎంవీ కూడా ఆ వైరస్ కుటుంబంలోదే. ఈ మాట చెప్పగానే పెద్దవాళ్లు తల ఊపుతారు, గొడవ ఆగుతుంది.

ఒళ్లు మూడో వంతో సగమో కాలితే రోగనిరోధక శక్తి వారాల తరబడి పడిపోతుంది. చర్మమనే గోడ లేదు, తెల్లకణాలు సరిగ్గా పని చేయవు, పైన ఇన్ఫెక్షన్లు, ఆపరేషన్లు, రక్తం ఎక్కించడాలు. అదును చూసి వైరస్ లేస్తుంది. పెద్దగా కాలిన చాలామందిలో రక్తంలో వెతికితే ఇది కనిపిస్తుంది కూడా. కానీ పేగుల్లో పుండ్లు పెట్టి రక్తం పోయించేది కొద్దిమందిలోనే. అరుదైనదే, ఒప్పుకుంటాను. అరుదు కాబట్టే ఎవరికీ గుర్తు రాదు.

అది చేసే పని యాసిడ్ చేసే పనికి పూర్తిగా వేరు. పేగు గోడలో సన్నటి రక్తనాళాల లోపలి పొర కణాల్లోకి దూరుతుంది. ఆ కణాలు ఉబ్బుతాయి, నాళం మూసుకుపోతుంది, రక్తం అందక ఆ ముక్క చచ్చి ఊడిపోతుంది. అక్కడ లోతైన పుండు. అన్నవాహిక నుంచి పెద్దపేగు చివరిదాకా ఎక్కడైనా రావచ్చు. అందుకే పాంటాప్రజోల్ ఎంత పోసినా ఇది ఆగదు. కాలువ తెగింది పొలం ఆ చివర అయితే ఈ చివర గట్టు వేసినట్టు.

బెడ్‌పాన్‌లో ఏం చూడాలి

పొట్ట, చిన్నపేగు మొదట్లో రక్తం పోతే మోషన్ తారులా వస్తుంది. నల్లగా, నిగనిగలాడుతూ, బెడ్‌పాన్‌కి అంటుకుపోతుంది. వాసన ఒక్కసారి చూస్తే మర్చిపోలేరు, కుళ్లిన రక్తం వాసన, మామూలు మోషన్ కంపు కాదు. ఇలా నల్లబడటానికి 50 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తం చాలు, అంటే చిన్న టీ గ్లాసుడు. ఐరన్ మాత్రల నలుపు వేరు. అది ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు, గట్టిగా ముద్దలా వస్తుంది, అంటుకోదు, ఆ వాసన ఉండదు. తెల్ల గాజ్ ముక్క మీద కాస్త రాసి చూస్తే ఐరన్ అయితే పచ్చదనం తెలుస్తుంది. ఆ రోజు నేను ఈ గాజ్ ముక్క పని చేసి ఉండాల్సింది. రెండు నిమిషాల పని.

పెద్దపేగులో అయితే ముదురు ఎరుపు, గడ్డలు గడ్డలుగా, లేదా నీళ్ల విరేచనంలో నెత్తురు కలిసి. సీఎంవీ పెద్దపేగులో ఉంటే చాలాసార్లు ముందు రెండు మూడు రోజులు ఉత్త నీళ్ల విరేచనాలే ఉంటాయి. అందరం గొట్టం ఆహారం పడలేదనో, యాంటీబయోటిక్స్ వల్లో అనుకుంటాం. నిజంగానే ఎక్కువసార్లు అవే కారణం. అందుకే రంగు రోజూ రాయమంటున్నాను. ఒక్క రోజు మోషన్ ఏమీ చెప్పదు, వరసగా అయిదు రోజులవి పక్కపక్కన చూస్తే చెప్తాయి.

ముక్కు గొట్టం, మనం రైల్స్ ట్యూబ్ అంటామే, అందులోంచి వెనక్కి లాగినప్పుడు కాఫీ పొడి కలిపినట్టు వస్తే పొట్టలో రక్తం. గొట్టం వేసిన కొత్తలో సన్నటి ఎర్ర చారలు వస్తే అది గీసుకున్న రక్తం కావచ్చు. ముఖం కాలిన పేషెంట్లు ముక్కు, నోటి రక్తం మింగుతారు, అది కూడా కింద నల్లగానే వస్తుంది. నోరు తెరిచి టార్చి వేసి చూడకుండా పేగుల మీద నింద వేయకండి.

ఇంకోటి. విరేచనాలు ఎక్కువై తొడల గ్రాఫ్ట్ తడవకుండా కొందరికి మలద్వారంలో బెలూన్ గొట్టం పెడతారు. మంచి సాధనమే. కానీ ఆ బెలూనే ఒరుసుకుని పుండు చేసి తాజా ఎర్ర రక్తం పోయించగలదు. ఎర్ర రక్తం చూస్తే ఆ గొట్టం పెట్టి ఎన్ని రోజులైందో డాక్టర్‌కి చెప్పండి.

రాత్రిపూట ట్యూబ్‌లైట్ కింద ముదురు ఎరుపు కూడా నల్లగా కనిపిస్తుంది. ఫోన్ టార్చి వేసి చూడండి. ఇంటివాళ్లకి నేను చెప్పేది, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోమని. సిగ్గు పడతారు, "అదేంటి సిస్టర్, ఛీ" అంటారు. పొద్దున రౌండ్స్‌కి బెడ్‌పాన్ కడిగేసి ఉంటుంది, డాక్టర్‌కి చూపించడానికి మిగిలేది ఆ ఫోటోనే.

నాడి మోసం చేస్తుంది

మామూలు పేషెంట్‌కి రక్తం పోతుంటే నాడి పెరుగుతుంది, అందరికీ తెలిసిందే. కాలిన పేషెంట్‌కి నాడి ఎప్పుడూ 100, 120 మధ్య పరుగెత్తుతూనే ఉంటుంది, ఒళ్లంతా మంట మీదున్న పొయ్యిలా ఖర్చవుతుంటుంది కాబట్టి. కాబట్టి 120 చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ఇంకో మెలిక ఉంది. ఆ ఖర్చు తగ్గించడానికి ప్రొప్రనొలాల్ ఇస్తుంటారు. అది పడుతున్నవాళ్లకి లీటరు రక్తం పోతున్నా నాడి పెరగాల్సినంత పెరగదు. మా పేషెంట్‌కి అదే జరిగింది, నాడి 96 చూసి నేను సంతోషించాను.

అందుకని నాడి ఒక్కటే నమ్మకండి. ఈ మనిషికి నిన్న ఎంత, ఇవాళ ఎంత అని చూడండి. గంట గంటకీ యూరిన్ చూడండి. పెద్దవాళ్లకి కిలో బరువుకి గంటకి అర మిల్లీలీటరు కంటే తగ్గుతుంటే, అంటే 60 కిలోల మనిషికి 30 కంటే తక్కువైతే, ఎక్కడో నష్టం జరుగుతోంది. కాళ్లు చేతులు చల్లబడటం, కొత్తగా దాహం, తికమక మాటలు, మంచం తల ఎత్తితే కళ్లు తిరగడం, ఇవి ఇంటివాళ్లే ముందు పట్టేస్తారు. "నిన్నటిలా లేడు" అని భార్యో తల్లో అంటే ఆ మాటకి నేను మానిటర్ కంటే ఎక్కువ విలువిస్తాను.

హిమోగ్లోబిన్ కూడా ఆలస్యంగానే చెప్తుంది. రక్తం పోయిన గంటలోనే తగ్గదు, ఒంట్లో నీరు వచ్చి కలిశాక తగ్గుతుంది. పైగా మా వార్డులో హిమోగ్లోబిన్ తగ్గితే అందరి నోటా ఒకటే మాట, "నిన్న డ్రెస్సింగ్‌లో పోయింది కదా." నిజమే, చచ్చిన చర్మం గీసి తీసిన రోజు, గ్రాఫ్టింగ్ రోజు చాలానే పోతుంది. అయితే ఒక లెక్క వేయండి. డ్రెస్సింగ్ లేని రోజుల్లో కూడా తగ్గుతోందా? రక్తం ఎక్కించాక పెరగాల్సినంత పెరగలేదా? ఒక యూనిట్‌కి సుమారు 1 గ్రాము పెరగాలి. రెండు యూనిట్లు ఎక్కించినా మూడో రోజుకి మళ్లీ పాత అంకెకే వస్తే చిల్లు ఎక్కడో ఉన్నట్టే. రక్త పరీక్షలో యూరియా పెరిగి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగా ఉందంటే అది కూడా పైపేగుల్లో రక్తం అరుగుతోందనడానికి ఒక సూచన, కాకపోతే కాలిన పేషెంట్లలో యూరియా ఇతర కారణాలతోనూ పెరుగుతుంది, దాని మీదే తీర్పు చెప్పకండి.

డాక్టర్‌కి ఎలా చెప్పాలి

"సార్, మోషన్ బాగాలేదు" అని చెప్తే, రాత్రి రెండింటికి నిద్రలేని డ్యూటీ డాక్టర్‌కి ఏమీ చేరదు. ఇలా చెప్పండి: "ఇవాళ 19వ రోజు. సాయంత్రం నుంచి మూడుసార్లు తారులాంటి మోషన్, అంటుకుంటోంది, వాసన ఉంది. హిమోగ్లోబిన్ మొన్న 9.8, ఇవాళ పంపించాను. నాడి 96, ప్రొప్రనొలాల్ మీద ఉన్నాడు. గత రెండు గంటల్లో యూరిన్ 40. హెపారిన్ ఇంజెక్షన్ తొమ్మిదింటికి పడాలి, ఇవ్వనా ఆపనా?" ఒక్క నిమిషం. ఆ చివరి ప్రశ్న ముఖ్యం. మంచం మీదే ఉండే పేషెంట్‌కి రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ రోజూ వెళ్తుంటుంది, అలవాటు మీద చేయి పోయి ఇచ్చేస్తాం. నొప్పికి డైక్లోఫెనాక్ కూడా అంతే. అడగకుండా ఇవ్వకండి.

ఇంటివాళ్లు కూడా అడగాలి, మర్యాదగా, పదే పదే. "ఇది ఐరన్ వల్లేనా, రక్తమా అని టెస్ట్ చేయిస్తారా అండీ?" అని. మేం విసుక్కుంటాం ఒక్కోసారి, పట్టించుకోకండి.

రక్తం పోతున్నప్పుడు మొదటి గంట

ఎక్కువగా పోతుంటే మనిషిని ఎడమవైపు తిప్పి పడుకోబెట్టండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా. గొట్టం ఆహారం ఆపి డాక్టర్‌ని అడగండి. నరంలో పెట్టే సూది గొట్టాలు, కాన్యులాలు, పెద్దవి రెండు కావాలి, ఆకుపచ్చదో బూడిద రంగుదో. కాలిన చేతులకి నరం దొరకడం నరకం, అందుకే సెంట్రల్ లైన్ (పెద్ద నరంలో వేసిన గొట్టం) ఉంటే దాన్ని ప్రాణంలా కాపాడుకోండి. బ్లడ్ గ్రూపు, క్రాస్ మ్యాచ్, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే టెస్టులు ఒకేసారి పంపించండి. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకితే ప్లేట్‌లెట్లు పడిపోయి కూడా పేగుల్లోంచి రక్తం కారుతుంది, అప్పుడు కథ వేరు. ఎక్కించే రక్తం చల్లగా ఉండకూడదు, వార్మర్ ఉంటే పెట్టండి. చర్మం లేని మనిషి ఊరికే చల్లబడతాడు, చల్లబడితే రక్తం ఇంకా గడ్డకట్టదు.

బ్లడ్ బ్యాంకులో అడగాల్సింది ఒకటి ఉంది. తెల్లకణాలు వడకట్టిన రక్తం దొరుకుతుందా అని. సీఎంవీ రక్తంలో తెల్లకణాల్లో దాక్కుని వేరే మనిషికి చేరగలదు. వడకడితే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు దొరికిన రక్తం ఎక్కించాల్సిందే, దాని కోసం ఆగకూడదు. కానీ రేపటి యూనిట్‌కి ఇవాళే చెప్పి పెట్టుకోవచ్చు. చనిపోయినవారి నుంచి సేకరించిన చర్మం కప్పినప్పుడు కూడా ఈ వైరస్ చేరిన సందర్భాలు విదేశాల్లో నమోదయ్యాయి. మన దగ్గర హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో స్కిన్ బ్యాంక్ వచ్చింది. మన స్కిన్ బ్యాంకుల్లో ఎక్కువగా చర్మాన్ని గ్లిజరాల్‌లో నిల్వ చేస్తారు. దాత రక్తానికి టెస్టులు చేశాకే వాడతారు కాబట్టి ఇది చదివి చర్మదానం అంటే భయపడకండి. దానివల్ల బతికినవాళ్లని కళ్లారా చూశాను.

స్కోపీ అయితే సరిపోదు, ముక్క తీయాలి

మా పేషెంట్ దగ్గర మేం జారిపడిన రెండో చోటు ఇది. 22వ రోజు ఎండోస్కోపీ చేశారు. పొట్టలో రెండు చిన్న పుండ్లు కనిపించాయి. కాలిన పేషెంట్, ఒత్తిడి పుండు, అంతే అనుకున్నారు. టెస్ట్‌కి పంపడానికి పుండు నుంచి ముక్క (బయాప్సీ) తీయలేదు, రక్తం పోతున్న మనిషికి ఇంకా గుచ్చడం ఎందుకని. ఆ జాగ్రత్త తప్పని నేను అనను. పాంటాప్రజోల్ డ్రిప్ పెట్టారు. రెండు రోజులు తగ్గినట్టే ఉంది. తర్వాత మోషన్ నలుపు నుంచి ముదురు ఎరుపుకి మారింది. ఈసారి పెద్దపేగు స్కోపీ చేశారు. కుడివైపు పెద్దపేగులో చుట్టూ గట్టు కట్టినట్టున్న లోతైన పుండ్లు. ముక్కలు తీశారు. 31వ రోజు రిపోర్టు వచ్చింది.

సూక్ష్మదర్శినిలో సీఎంవీ పట్టిన కణం గుడ్లగూబ కన్నులా ఉంటుంది. పెద్దగా ఉబ్బిన కణం, మధ్యలో నల్లటి గుండ్రం, చుట్టూ తెల్లటి వలయం. పాథాలజీ మేడమ్ పిలిచి చూపించింది. అప్పటిదాకా ఆ పోలిక ఎందుకు చెప్తారో నాకు తెలియదు. నిజంగానే మనల్ని చూస్తున్నట్టుంటుంది.

ఇక్కడ సిస్టర్ పని ఏమిటంటే, శాంపిల్ సీసాలో ముక్క పాడవకుండా పోసే ఫార్మలిన్ సరిగ్గా ఉందా, ఒక్క ముక్కతో సరిపెట్టారా చూడటం. సీఎంవీ పుండు అడుగున ఎక్కువ దొరుకుతుంది, హెర్పిస్ పుండు అంచున. అందుకే రెండు చోట్ల నుంచీ, అనేక ముక్కలు తీస్తారు. రిక్వెస్ట్ ఫారంలో "కాలిన గాయాలు, ఎన్నో రోజు, సీఎంవీ అనుమానం" అని రాసి ఉందో లేదో చూసి, లేకపోతే డాక్టర్‌ని అడిగి రాయించండి. ఆ మాట లేకపోతే ల్యాబ్‌లో వైరస్‌ని పట్టే ప్రత్యేకమైన స్టెయిన్ (రంగు) వేయకపోవచ్చు, మామూలు స్టెయిన్‌లో గుడ్లగూబ కన్ను ప్రతిసారీ కనిపించదు.

రక్తంలో వైరస్ ఎంతుందో చూసే సీఎంవీ పీసీఆర్ టెస్ట్ కూడా పంపిస్తారు. అంకె ఎక్కువగా వస్తే అనుమానం బలపడుతుంది. కానీ పేగుల్లో జబ్బున్నా రక్తంలో రాకపోవచ్చు, రక్తంలో వచ్చినా పేగుల్లో జబ్బు ఉండకపోవచ్చు. ఐజీజీ (వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకిందని చెప్పే టెస్ట్) పాజిటివ్ అని ఎవరైనా కంగారు పడితే, మనలో చాలామందికి అది పాజిటివేనని చెప్పండి. దానికి పెట్టే డబ్బు పీసీఆర్‌కి పెట్టడం మేలు.

కాలిన పేషెంట్‌ని స్కోపీ గదికి తీసుకెళ్లడమే ఒక యుద్ధం. కుదిరితే మంచం దగ్గరికే స్కోప్ తెప్పించమని అడగండి. వెళ్లాల్సి వస్తే దుప్పట్లు కప్పండి, డ్రెస్సింగ్ తడిస్తే మార్చే సామాను వెంట ఉంచుకోండి.

హెర్పిస్ గురించి రెండు మాటలు

పెదవి మీద జ్వరం పొక్కులు లేపే హెర్పిస్ కూడా కాలినవాళ్లలో లేస్తుంది. మానుతున్న ముఖం మీద, గ్రాఫ్ట్ అంచుల్లో సన్నటి నీటి పొక్కులు గుంపుగా వచ్చి, పగిలి చిన్న చిన్న గుంటల్లా అవుతాయి. అన్నవాహికలోకి దిగితే మింగుతుంటే నొప్పి, ఒక్కోసారి రక్తం. దీనికి మందు వేరు, ఎసైక్లోవిర్. ఆ పొక్కుల్ని చేతి తొడుగు లేకుండా ముట్టుకోకండి. మా సిస్టర్ ఒకావిడకి వేలికి గోరుచుట్టు లాంటిది లేచింది, పసుపు, నిమ్మకాయ అన్నీ పెట్టింది. తీరా చూస్తే అది హెర్పిస్.

గాన్‌సైక్లోవిర్ మొదలయ్యాక

సీఎంవీ తేలితే ఇచ్చే మందు గాన్‌సైక్లోవిర్. మామూలుగా కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి, అంటే 60 కిలోల మనిషికి పూటకి 300. కిడ్నీలు సరిగ్గా లేకపోతే డాక్టర్లు తగ్గిస్తారు, అందుకే ఆ రోజు క్రియాటినిన్ చూడకుండా కలపకండి. గంటసేపు నెమ్మదిగా డ్రిప్‌లో వెళ్లాలి. ఎప్పుడూ నేరుగా పుష్ చేయకూడదు. బాగా క్షార గుణమున్న మందు, నరం బయటికి కారితే చర్మం పాడవుతుంది. ఉన్న చర్మమే తక్కువ ఆ మనిషికి. కలిపేటప్పుడు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. గర్భంతో ఉన్న సిస్టర్ ఈ మందు జోలికి పోకూడదు. ఇది రోస్టర్ వేసేవాళ్లు గుర్తు పెట్టుకోవాలి. మొహమాటంతో చెప్పలేని పిల్లలు ఉంటారు, నేనే అడుగుతాను.

ఈ మందు తెల్లకణాల్ని తగ్గిస్తుంది. వారానికి రెండు మూడుసార్లు రక్త పరీక్ష ఉండాలి. ఇక్కడ బర్న్స్ వార్డుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మనం గాయాలకి రాసే తెల్ల క్రీము, సిల్వర్ సల్ఫాడయజీన్, అది కూడా మొదటి రోజుల్లో తెల్లకణాల్ని తగ్గించగలదు. సీఎంవీ తనూ తగ్గిస్తుంది. ముగ్గురిలో దొంగ ఎవరో తేలాలంటే ఏది ఏ రోజు మొదలైందో రాసి ఉండాలి. మళ్లీ అదే రోజు నంబర్ గోల.

రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మందు ఖరీదైనదే. ఆరోగ్యశ్రీ కింద చేరిన పేషెంటైతే మందు రాసిన రోజే ఆరోగ్యమిత్ర దగ్గరికెళ్లి అడగండి, బయట చీటీ పట్టుకుని పరుగెత్తకముందే. మందు మొదలుపెట్టిన మర్నాడే రక్తం ఆగిపోతుందని ఆశించకండి. పుండు మానడానికి టైమ్ పడుతుంది. ఈలోగా పొట్ట ఉబ్బి గట్టిపడినా, ఒక్కసారిగా భరించలేని నొప్పి వచ్చినా పేగుకి చిల్లు పడి ఉండొచ్చు, అది అప్పటికప్పుడు సర్జన్ చూడాల్సిన పని. పొట్ట మీద కాలిన గాయమున్నా, మత్తులో ఉన్నా నొప్పి చెప్పలేడు. అప్పుడు పొట్ట చుట్టుకొలత టేపుతో రోజూ ఒకే చోట కొలిచి రాయండి.

తిండి

మన ఇళ్లల్లో పథ్యం పిచ్చి గురించి చెప్పకపోతే ఇది పూర్తికాదు. కాలినవాళ్లకి గుడ్డు పెడితే చీము పడుతుందని, పప్పు వద్దని, ఉత్త చారన్నం, బ్రెడ్డు, కొబ్బరి నీళ్లు పెడతారు. ఒకావిడ నేను రాయించిన గుడ్లన్నీ పక్క మంచం వాళ్లకి పంచిపెట్టింది, కొడుక్కి మాత్రం ఇడ్లీలు. గుడ్డుకీ చీముకీ సంబంధం లేదు. కాలిన ఒంటికి రోజుకి కిలో బరువుకి ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ప్రొటీన్ కావాలి. అది లేకపోతే గాయం మానదు, తెల్లకణాలు లేవవు, వైరస్‌కి తలుపు తీసి పెట్టినట్టే. పేగుకి ఆహారం తగులుతుంటేనే దాని పొర బతుకుతుంది. రక్తం ఆగి, డాక్టర్ సరే అన్న గంట నుంచే మళ్లీ మొదలుపెట్టండి. మొదట గొట్టంలో కొద్దికొద్దిగా, తర్వాత నోటితో. మెత్తటి పప్పన్నం, ఉడికిన గుడ్డు, పెరుగు, చేప దొరికితే చేప. కారం పచ్చళ్లు పక్కన పెట్టండి, అంతవరకు మీ పథ్యానికి నేనూ ఓటేస్తాను.

బీట్‌రూట్ పెట్టినవాళ్లు మాత్రం ముందే చెప్పండి. ఒకసారి మా వార్డు మొత్తం పరుగెత్తింది.

ఇంటికెళ్లేటప్పుడు

డిశ్చార్జి కాగితంలో "సీఎంవీ పెద్దపేగు పుండ్లు" అనే మాట, మందు ఎన్ని రోజులు పడింది, వైరస్‌కి మాత్రలు కొనసాగించాలా, మళ్లీ రక్త పరీక్ష ఎప్పుడు, ఈ నాలుగూ రాసి ఉన్నాయా చూసుకోండి. ఊళ్లో డాక్టర్‌కి ఆ కాగితమే దిక్కు. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనకండి. మోషన్ రంగు ఒక నెల పాటు చూస్తూ ఉండండి. ఐరన్ మాత్రలు వాడుతుంటే ఆ నలుపు ఎలా ఉంటుందో ఈపాటికి తెలుసు కదా.

టిఫిన్ సెంటర్ మనిషి 58వ రోజు ఇంటికెళ్లాడు. వెళ్లేటప్పుడు అతని భార్య ఒక రూళ్ల నోటు పుస్తకం నా బల్ల మీద పెట్టింది. 22వ రోజు నుంచి రోజూ రాసింది, మోషన్ ఎన్నిసార్లు, రంగు, యూరిన్, ఏం తిన్నాడు. రంగుల దగ్గర మాత్రం ఆమె సొంత భాష. చింతపండు రంగు, మాగాయ రంగు, తారు, పెసరపిండి. "మీకు పనికొస్తుందేమోనండీ" అంది. ఇప్పుడు కొత్త సిస్టర్లకి బెడ్‌పాన్ చూపించేముందు ఆ పుస్తకం తెరిచి చూపిస్తాను. మాగాయ దగ్గర అందరూ నవ్వుతారు. నవ్వాక తర్వాతి పేజీ తిప్పుతాను.